పాత వ్యానుకు టైర్లు: కొత్తవా, రీట్రెడ్‌వా, సెకండ్ హ్యాండా?

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది, అంటే 2018 చివర్లో, మా పదమూడు సీట్ల వ్యానుకు నాలుగు కొత్త టైర్లు వేయించాం. 2025 కార్తీకంలో శబరిమల ప్రయాణం ఖాయమయ్యాక బండిని కిందా పైనా చూస్తే వాటి గ్రిప్పు ఇంకా సగానికి పైగా ఉంది. "ఇంత గ్రిప్పు ఉండగా టైర్లు మార్చడమేమిటి? డబ్బులు ఎక్కువయ్యాయా?" అని మా బాబాయి కోప్పడ్డారు. ఆయనను బండి పక్కన కూర్చోబెట్టి, టైరు పక్క గోడను బొటనవేలితో నొక్కి చూపించాను. వేసవిలో చెరువు అడుగు బీటలు వారినట్టు, చక్రం చుట్టూ సన్నని పగుళ్లు కనిపించాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "సరే, ఎంతవుతుందో కనుక్కో" అన్నారు.

కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ దుకాణాలు తిరిగాను. సాలూరు వెళ్లాను. గాజువాక ఆటోనగర్‌లో ఒక పూటంతా గడిపాను. చివరికి నా ముందు నాలుగు దారులు నిలిచాయి: పేరున్న కంపెనీ ఖరీదైన కొత్త టైరు, అలాంటి కంపెనీలదే తక్కువ ధర రకం కొత్త టైరు, పాత టైరు మీద కొత్త రబ్బరు వేసిన రీట్రెడ్, ఇంకొకరు వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్. అరసవల్లికీ శ్రీకూర్మానికీ పూరీకీ జనాన్ని తిప్పే పాత వ్యాన్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. వాటి యజమానులు ఏటా ఇదే లెక్క వేసుకుంటారు కాబట్టి, నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందు చూడవలసింది ధర కాదు, మీ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందన్నది. మా వ్యాను ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లు దాటదు. పెళ్లిళ్ల రోజుల్లో, అయ్యప్ప దీక్షల కాలంలో, సిరిమానోత్సవానికి, సెలవుల్లో తిరుగుతుంది. మిగిలిన రోజులు వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. ఇలాంటి బండి టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. రబ్బరు పగలకుండా కాపాడే మైనం లాంటి పదార్థాలను తయారీలోనే అందులో కలుపుతారు. టైరు తిరుగుతూ, వంగుతూ, వేడెక్కుతూ ఉంటే అవి లోపలి నుంచి పైకి బాగా ఊరుతాయి. నెలల తరబడి కదలని టైరుకు ఆ రక్షణ సరిగా అందదు. ఎండ, గాలిలోని ఓజోను కలిసి దాన్ని గట్టిపరుస్తాయి.

అమెరికాలో పడకలు, వంటగదితో ఇల్లులా ఉండే మోటారు హోములు, కారు వెనక తగిలించి లాక్కుపోయే ట్రావెల్ ట్రైలర్లు ఉన్నాయి. పాతవి కొనుక్కున్నవాళ్లకు అక్కడా ఇదే బాధ. బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి ముందే ఉంటుంది, గ్రిప్పు నిండుగా ఉండగానే టైరు పనికిరాకుండా పోతుంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించమనీ, పైకి ఎంత బాగున్నా పదేళ్లు దాటితే తీసేయమనీ మిషెలిన్ వంటి తయారీదారులే చెబుతారు. మన ఎండలకు, మన నిండు లోడుకు నేను ఆరేళ్లనే హద్దుగా పెట్టుకున్నాను. మా టైర్లు ఆ హద్దు కూడా దాటేశాయి.

టైరు వయసు తెలుసుకోవడం తేలిక. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 4118 అని ఉంటే 2018లో 41వ వారం, అంటే తిత్లీ తీరం దాటిన వారంలో తయారైందన్నమాట. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. అవి బండి లోపలి వైపుకు తిరిగి ఉంటే కిందికి దూరి చూడాలి. కొత్త టైరు కొనేటప్పుడు కూడా చూడండి. దుకాణంలో రెండేళ్లుగా పడి ఉన్నదాన్ని కొత్త ధరకు కొంటే ఆరేళ్లలో రెండేళ్లు అక్కడే పోయినట్టు. చల్లని చీకటి గోదాములో ఉన్న టైరు ఎండలో ఉన్నంత త్వరగా పాడవదు, నిజమే. అయినా ఆరు నెలల లోపుది ఇవ్వమని అడగడం మన హక్కు. ఇవ్వలేకపోతే ధర తగ్గించమని అడగవచ్చు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దానికి కారణమూ ఉంది. 2018 వేసవిలో పూరీ బయలుదేరే ముందు, ఒక దుకాణంలో చవగ్గా దొరికాయని వెనక చక్రాలకు రెండు సెకండ్ హ్యాండ్ టైర్లు వేయించాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి, గ్రిప్పు గాడులు లోతుగా ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటాక మిట్టమధ్యాహ్నం ఒకటి పేలింది. దేవుడి దయ, వేగం తక్కువగా ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇద్దరు ముసలివాళ్లు, చంటిపిల్లతో మా చెల్లెలు మూడు గంటలు రోడ్డు పక్కన ఎండలో కూర్చున్నారు. పంక్చరు వేసే పెద్దాయన టైరు విప్పి నన్ను పిలిచాడు. "బాబూ, లోపల చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. లోపలి గోడ చుట్టూ రబ్బరు పొడి రాలి ఉంది. అంతకుముందు ఎవరో గాలి లేకుండానే చాలా దూరం నడిపిన గుర్తు అది. పై గాడులు కూడా టైరుతో పుట్టినవి కావు. అరిగిపోయిన టైరును కత్తితో మళ్లీ కోసి, నల్ల రంగు పూసి అమ్మారు. కోత లోపలి దారాల దాకా వెళ్లింది.

అందుకే చెబుతున్నాను: సెకండ్ హ్యాండ్ తప్పనిసరైతే, చక్రానికి ఎక్కించిన టైరును కొనకండి. విడిగా ఉన్నదాన్నే కొనండి, లోపల దీపం వేసి చూడండి. పొడి, ముడత, నల్లటి వలయం, పెద్ద ప్యాచీ, రిమ్ముకు పట్టే అంచులో తెగిన తీగ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వదిలేయండి. గాడి అడుగున అక్కడక్కడా చిన్న మెట్టులా అడ్డంగా ఉండే అరుగుదల గుర్తులు ఉండాలి. గాడి లోతుగా ఉండి ఆ మెట్లు లేకపోతే అది కోసిన టైరు. ఆ మెట్టు 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. నాలుగు చక్రాల బండికి మోటారు వాహన నిబంధనలు అనుమతించే కనీస గాడి లోతు కూడా అంతే. గ్రిప్పు అరిగి ఆ మెట్టుతో సమానమైతే రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లినప్పుడు బండిని వెనక్కి పంపేస్తారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి ఈ పరీక్షను తప్పించుకోలేం.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా లెక్క కుదరదు. కొత్త టైరు పదివేలు అనుకుందాం. మా బండికి ఆరేళ్లు వస్తుంది కాబట్టి ఏడాదికి దాదాపు 1,670 రూపాయలు పడుతుంది. నాలుగేళ్ల వయసున్న సెకండ్ హ్యాండ్ టైరు నాలుగు వేలకు దొరికితే ఇంకా రెండేళ్లే వాడగలం, ఏడాదికి 2,000 పడుతుంది. విప్పడానికి, ఎక్కించడానికి, బ్యాలెన్సింగుకు రెండుసార్లు డబ్బులు కట్టాలి. చవకని కొన్నదే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

రీట్రెడ్ విషయంలో మాత్రం చాలామంది అనవసరంగా భయపడతారు. లారీలకు పేరుపడ్డ సాలూరుకు అందుకే వెళ్లాను. ఒడిశా వైపు ఘాట్ ఎక్కి కోరాపుట్, జగదల్‌పూర్ వెళ్లే లారీలకు రీట్రెడ్ టైర్లు మామూలు విషయం. అరిగిన పైభాగాన్ని గీకి, మధ్యలో మెత్తని గమ్ము పరిచి, ముందుగానే తయారుచేసిన గ్రిప్పు పట్టీని చుట్టి, దాదాపు వంద డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉడికిస్తారు. దీన్ని కోల్డ్ రీట్రెడింగ్ అంటారు. పచ్చి రబ్బరును అచ్చులో పెట్టి నూట యాభై డిగ్రీల దగ్గర ఉడికించే పాత పద్ధతి హాట్ రీట్రెడింగ్. మొదటిదాంట్లో వేడి తక్కువ కాబట్టి టైరు ఒళ్లు అంతగా అలసిపోదు. రెండింటిలో ఎంచుకోవలసి వస్తే నా ఓటు దానికే.

కానీ లారీకి నప్పింది మా వ్యానుకు ఎందుకు నప్పదో అక్కడే అర్థమైంది. లారీ రోజూ తిరుగుతుంది, రెండేళ్లలోపే గ్రిప్పు అరగదీస్తుంది. అప్పటికి టైరు ఒళ్లు ఇంకా వయసులోనే ఉంటుంది, దాని మీద కొత్త రబ్బరు వేస్తే మరో జీవితం నడుస్తుంది. మా టైర్ల విషయం దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. గ్రిప్పు బాగుంది, ఒళ్లు ముసలిది. ముసలి ఒంటి మీద ఎంత మంచి రబ్బరు చుట్టినా పక్క గోడ పగుళ్లు పోవు. సాలూరులో ఆ పని చేసే మేస్త్రి మా టైరును తిప్పి చూసి "ఇది నేను చేయను, మాస్టారూ. డబ్బులు తీసుకుంటే నాకే పాపం" అన్నాడు. బేరం వదులుకుని నిజం చెప్పిన ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాను.

మీ వ్యాను రోజూ తిరిగేదైతే రీట్రెడ్ పనికొస్తుంది, కొన్ని షరతుల మీద. మీ టైర్లనే ఇచ్చి చేయించుకోండి, పక్క గోడ మీది నంబర్లు రాసుకుని తిరిగి వచ్చినప్పుడు సరిచూసుకోండి. ఎవరివో తెలియని టైర్ల మీద చేసి ఉంచినవి వద్దు. నాలుగేళ్లు దాటిన ఒంటి మీద చేయించకండి. అన్నిటికంటే ముఖ్యం, ముందు చక్రాలకు వేయకండి. వెనకది పాడైతే బండిని ఆపుకునే అవకాశం ఉంటుంది, ముందుది పాడైతే స్టీరింగు చేతుల్లో నిలవదు. అమెరికాలో బస్సు ముందు చక్రాలకు రీట్రెడ్ వాడకాన్ని నిబంధనలే నిషేధించాయి.

ఇక మిగిలినవి రెండు రకాల కొత్త టైర్లు. ఖరీదైన రకం దుకాణదారుడు నాకు చెప్పిన గొప్ప అంతా "ఎనభై వేల కిలోమీటర్లు వస్తుంది" అన్నదే. అది నిజమే కావచ్చు. కానీ ఏడాదికి ఎనిమిది వేలు తిరిగే నాకు ఆ ఎనభై వేలు అనుభవించడానికి పదేళ్లు పడుతుంది, ఆరేళ్లకే టైరు తీసేయాలి. నేను వాడుకోలేని కిలోమీటర్లకు డబ్బు ఎందుకు కట్టాలి? ట్యాక్సీగా తిప్పే బండికైతే అదే సరైన బేరం. నాలాంటి వాళ్లకు మధ్య రకం చాలు: ఐఎస్ఐ గుర్తు, సరైన బరువు అంకె, కొత్త తారీఖు, తడి రోడ్డు మీద పట్టు. కంపెనీ మనకు తెలిసినదైతే తేడా వచ్చినప్పుడు వారంటీ అడగడానికి మనిషి దొరుకుతాడు. బిల్లు మీద టైరు నంబరు రాయించుకోవడం మరవకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కి తగ్గింది. బిల్లు లేకుండా ఇస్తే తగ్గుతుందని ఎవరైనా అంటే, ఆ తగ్గింపులో మీరు వారంటీని అమ్ముకుంటున్నారని గుర్తుంచుకోండి.

బరువు అంకె గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. టైరు సైజు తరువాత 108 అనో 112 అనో ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 108 అంటే ఆ టైరు 1,000 కిలోలు, 112 అంటే 1,120 కిలోలు మోయగలదు. 112/110 అని రెండు ఉంటే మొదటిది ఒంటి చక్రానికి, రెండోది వెనక పక్కకు రెండేసి ఉండే జంట చక్రాలలో ఒక్కొక్కదానికి. అక్షరం వేగానిది: ఎన్ అంటే గంటకు 140 కిలోమీటర్లు, క్యూ అంటే 160. శబరిమల బయలుదేరేటప్పుడు మా బండిలో మనుషులే కాదు, వంట సామాను, గ్యాసు సిలిండరు, బియ్యం బస్తాలు, పైన క్యారియరు నిండా సంచులు, వంద లీటర్ల నీళ్ల డ్రమ్ము ఉంటాయి. ఆ డ్రమ్మే వంద కిలోలు. మనలో కొందరు పాత వ్యానుకు పడకలు, నీళ్ల ట్యాంకు బిగించి ఇంటి బండిలా మార్చుకుంటున్నారు. వాళ్ల బరువు శాశ్వతంగా పెరిగినట్టే.

ఊహించే బదులు కాటా వేయించండి. జీడిపప్పు ఊరు పలాసలోనూ, రైసు మిల్లులున్న ప్రతి పట్టణంలోనూ వే బ్రిడ్జీలున్నాయి. సామానూ మనుషులూ ఎక్కాక, మొదట ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి తూయండి, తరువాత వెనక చక్రాలను. మాది వెనక 2,000 కిలోలు తేలింది. పక్కకు ఒకే చక్రం కాబట్టి ఒక్కొక్కదాని మీద వెయ్యి కిలోలు. 108 టైరుకు అది సరిగ్గా అంచు, మిగులు లేదు. ఒక పక్క కాస్త ఎక్కువ బరువు పడితే హద్దు దాటుతుంది. అందుకే 112 తీసుకున్నాను. ఆ మోత కూడా కంపెనీ చెప్పిన గాలి ఉన్నప్పుడే. గాలి తగ్గితే పక్క గోడలు ఎక్కువగా వంగి, వేడెక్కి, చివరికి పేలతాయి. పొద్దున్నే బండి కదలకముందు గాలి చూసుకోవాలి. దారిలో వేడెక్కాక పెరిగినట్టు కనిపించే గాలిని తీసేయకూడదు.

పాత బండి సైజు దొరక్క ప్రత్యామ్నాయం చూపిస్తారు. లెక్క మీరే వేసుకోవచ్చు. 215/75 ఆర్ 15 అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. మొత్తం ఎత్తు 703.5 మిల్లీమీటర్లు. 225/70 ఆర్ 15 ఎత్తు 696. ఒక్క శాతం తేడా కాబట్టి ఎత్తు విషయంలో ఇబ్బంది లేదు. బరువు అంకె తగ్గకుండా, రిమ్ము వెడల్పుకు సరిపోతేనే ఒప్పుకోండి. ఒక ఇరుసు మీద ఒకటి రేడియల్ (లోపలి దారాలు అడ్డంగా సాగే, ఉక్కు పట్టీలున్న రకం), ఒకటి నైలాన్ (దారాలు ఏటవాలుగా సాగే పాత రకం) వేయకూడదు. జంట చక్రాల్లో ఒకటి ఎత్తుగా ఉంటే బరువంతా అదే మోస్తుంది. ట్యూబు ఉండే టైరైతే ట్యూబు, దానికీ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ (ఫ్లాపు) కూడా కొత్తవి వేయండి, పాత ట్యూబు మడత పడి కొత్త టైరులో పంక్చరవుతుంది.

ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు సంగతి వేరు. మా బావగారిది రాజాం దగ్గర, చెరకు కాలంలో సంకిలి ఫ్యాక్టరీకి, మిగతా కాలంలో ధాన్యానికీ ఇసుకకూ నడుస్తుంది. వేగం తక్కువ, బరువు విపరీతం, చక్రాలు తిప్పేవి కావు, లాగబడేవి. ఆయన వాడే 9.00-16 సైజు నైలాన్ టైరుకు రీట్రెడ్ చక్కగా సరిపోతుంది, నేనే చేయించమన్నాను. ట్రక్కు కోసం తయారైన ఆ టైర్లను మాత్రం చవకగా వచ్చాయని వ్యానుకు ఎక్కించవద్దు. అమెరికాలో ట్రైలర్లకు ప్రత్యేకంగా వచ్చే ఎస్‌టీ టైర్లలో వేరే వేగపు గుర్తు లేనివాటికి గంటకు 65 మైళ్లే, అంటే దాదాపు 105 కిలోమీటర్లే హద్దు. వాటిని నడిపే బండికి వేయరు. లాగుడు బండి టైరుకు బరువు మోయడం వచ్చు, మలుపుల్లో మనుషులున్న బండిని పట్టి ఉంచే పని దానిది కాదు.

నాలుగూ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే జతగా కొనండి. కొత్త జత వెనక ఇరుసుకు వెళ్లాలి. ముందుకే మంచివి వేయాలని చాలామంది అనుకుంటారు. కానీ వాన రోడ్డు మీద వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని స్టీరింగుతో సరిదిద్దడం చాలా కష్టం. ముందువి కూడా వయసులో ఉన్నవే అయి ఉండాలి, పగుళ్లున్నవి ముందుంచి వెనకవి మారిస్తే ప్రయోజనం లేదు. మిగిలిన జతను ఆరు నెలల్లో మార్చేలా డబ్బు వేరుగా పెట్టుకోండి.

కొన్నాక కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది. బండిని తడి మట్టిలో కాకుండా చెక్క పలకల మీద నిలపండి. నెలకు రెండుసార్లయినా పది కిలోమీటర్లు తిప్పండి. నిలిపిన రోజుల్లో ఎండ పడే వైపు గోనెపట్టా కప్పండి. మెరుపు కోసం నూనె, పెట్రోలు కలిపిన పాలిష్‌లు పూయకండి, అవి రబ్బరును తినేస్తాయి.

స్టెప్నీ కూడా కొత్తదే కొన్నాను. దుకాణంలో కుర్రాడు "పాతవాటిలో బాగున్నదాన్ని ఉంచేయండి సార్, మిగతా మూడు నేను తీసుకుంటాను, మంచి ధర ఇస్తాను" అన్నాడు. గ్రిప్పు చూసి అడిగాడు పాపం. ఎవరికి అమ్ముతావని అడిగితే, ఎవరో ఒకరు కొంటారన్నాడు. ఇచ్ఛాపురం దాటాక ఎండలో కూర్చున్న మా చెల్లెలు, దాని ఒళ్లో చంటిపిల్ల కళ్ల ముందు మెదిలారు. ఆ నాలుగు టైర్ల పక్క గోడలను అక్కడే రంపంతో కోయించి, పాత ఇనుముతో పాటు తూకానికి వేసి, వచ్చిన కొద్దిపాటి డబ్బుతో గాలి కొలిచే మీటరు ఒకటి కొనుక్కుని ఇంటికి వచ్చాను.